పాత డిస్కు చప్పుడు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు కంప్యూటర్ ఆన్ అయింది. ఫ్యాన్లు తిరిగాయి, అద్దం వెనక నీలం లైట్లు వెలిగాయి, తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోయింది.

"ఏమంటోంది?" అంది మార్త.

"ఆపరేటింగ్ సిస్టమ్ లేదంటోంది మమ్మీ." ఆరాధన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "నార్మలే. బాడీ రెడీ, దిమాగ్ నహీ హై. ఇప్పుడా మెదడు వేయాలి."

మార్తకు కావలసింది కంప్యూటర్ కాదు, దాని పొట్టలో బిగించిన పాత హార్డ్ డిస్కు. మాడిపోయిన లాప్‌టాప్‌లోంచి తీసిన డిస్కు అది. అందులో ఒక ఫొటో ఉంది. రేపు పదకొండు గంటలకు ఆ ఫొటో చూపించకపోతే ఒక మనిషి చావు ఆమె పేరు మీద రాసేస్తారు.

మార్త గురుగ్రామ్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ ఇన్‌చార్జి నర్సు. నరసాపురం నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. పదిహేడు రోజుల కిందట ఏడో నంబరు బెడ్ మీదున్న ముప్పై నాలుగేళ్ల మనిషికి, డ్రిప్‌లో మెల్లగా ఎక్కించాల్సిన పొటాషియం మందును ఎవరో నేరుగా నరంలోకి ఇచ్చేశారు. గుండె ఆగిపోయింది. ఆ నిమిషంలో మార్త మూడో బెడ్ దగ్గర ఇంకొకరి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది. తొమ్మిది బెడ్లకు ఆ రోజున్నది ముగ్గురు నర్సులు. తను, జెనీఫర్, ఏజెన్సీ వాళ్లు ఒక్కరోజు పనికి పంపిన ఓ పిల్ల. మందు ఇచ్చింది ఏజెన్సీ పిల్లేనని జెనీఫర్ చెప్పింది. ఆ పిల్ల మళ్లీ కనిపించలేదు.

మూడో రోజు మార్త రిజిస్టర్ తెరిచి చూస్తే ఆ పేజీయే మారిపోయింది. వేరే చేతిరాత. ఏడో బెడ్‌కు మందు ఇచ్చినవాళ్ల గడిలో మార్త పేరు. అట్టడుగున రిమార్కుల గడి ఖాళీ.

ఆ గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదు. ఆ రోజు పొద్దున ఆమె తన చేత్తో రాసింది. స్టాఫ్ చాలడం లేదు, జెనీఫర్ ఇంటికి వెళ్లకుండా రెండో డ్యూటీ చేస్తోంది, ఇలా నడపడం ప్రమాదం అని. దాని కింద నర్సింగ్ సూపరింటెండెంట్ 'సర్దుకోండి' అని రాసి సంతకం పెట్టింది.

డ్యూటీ దిగేముందు రిజిస్టర్ పేజీని ఫోన్లో ఫొటో తీసుకోవడం మార్తకు ఏళ్లనాటి అలవాటు. తీయడమే తప్ప ఎప్పుడూ చదవదు. విచారణ పేరు చెప్పి ఆసుపత్రి వాళ్లు ఆ ఫోన్ తీసుకున్నారు. రెండు రోజులకు, షాపులోంచి అప్పుడే వచ్చినట్టు ఖాళీ చేసి తిరిగిచ్చారు. వాళ్లకు తెలియనిదల్లా ఒకటే. ఫోన్ నిండినప్పుడల్లా ఆరాధన ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంది. ఆ వారం కూడా ఎక్కించింది.

ఆ ఫొటో తీసి పెట్టుకునేలోపే పోయిన వారం కరెంటు ఎగిరి లాప్‌టాప్ మాడింది. డిస్కు మాత్రం బతికింది. అది బయటివాళ్ల చేతికి ఇవ్వొద్దని లాయరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆరాధన ఢిల్లీ కంప్యూటర్ బజారు నెహ్రూ ప్లేస్‌లో సామాన్లు కొనుక్కొచ్చి, కిషన్‌గఢ్‌లోని ఈ మూడో అంతస్తు ఇంట్లో భోజనాల బల్ల మీదే కంప్యూటర్ బిగించింది.

"ఇదిగో, రెండు పెన్‌డ్రైవ్‌లు. నల్లది విండోస్, ఎర్రది లినక్స్." ఆరాధన రెండూ తల్లి ముందు పెట్టింది. "విండోస్ వేయాలంటే డిస్కు మీద రాయాలి. లినక్స్ పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. డిస్కును చూస్తుందంతే, ముట్టుకోదు. ముందు ఎర్రది. ఫొటో తీసేశాక ఏది వేసుకుంటావో నీ ఇష్టం. బస్ దో మినిట్, పెట్టేయనా?"

పెట్టేయమని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"ఆగు," అంది మార్త. "కొత్త వస్తువు. పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేశాకే మొదలుపెడదాం. నాలుగింటికి వస్తానన్నారు కదా."

"మమ్మీ, సీరియస్లీ? రేపు ఎంక్వైరీ పెట్టుకుని?"

"అందుకేనే. మీ నాన్న స్కూటర్ కొన్నప్పుడు కూడా ప్రార్థన అయ్యేదాకా తాళం తిప్పలేదు."

ఆరాధన పెన్‌డ్రైవ్‌లు బల్ల మీద పడేసింది. తలుపు చప్పుడైంది.

వచ్చింది జెనీఫర్, ఆమె మొగుడు స్టీవ్. ఒకే సంఘం వాళ్లు. జెనీఫర్‌ను ఊరి నుంచి తెచ్చి ఆసుపత్రిలో పెట్టించింది మార్తే. స్టీవ్ ఓ కంపెనీలో కంప్యూటర్లు చూసే పని చేస్తాడు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. జెనీఫర్ చేతిలో సేమ్యా పాయసం గిన్నె ఉంది. మార్త కళ్లలోకి చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

"వందనాలక్కా! ఓహో, ఏంటిది, పెళ్లి పందిరిలా లైట్లు!" స్టీవ్ నేరుగా కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. "ఆరాధనా, ఏం వేస్తున్నావ్?"

"లినక్స్."

"ఇంట్లో లినక్స్ ఎవరు వాడతారే? ప్రింటర్ పలకదు, మీ మమ్మీకి తెలుగు టైపు రాదు. హ్యాకర్ వేషాలు తర్వాత వేద్దువుగాని."

"మా కాలేజీ సర్వర్లన్నీ దానిమీదే అంకుల్. మీకు రాకపోతే వో ఆప్‌కీ ప్రాబ్లమ్ హై."

"నోరు చూడక్కా దీనిది!" స్టీవ్ నవ్వాడు. నవ్వు తొందరగా ఆగిపోయింది. "అక్కా, ఈ డిస్కు పాత పద్ధతిది. కొత్త బోర్డు దీన్ని ఒప్పుకోదు. విండోస్ వేస్తేనే లేస్తుంది. నీ ఫొటోలు వేరే భాగంలో ఉంటాయి, వాటి జోలికే పోను. నామీద నమ్మకం లేదా?"

నమ్మకం లేకేం. మార్త మొగుడు పోయినప్పుడు శవపేటిక మోసిన నలుగురిలో స్టీవ్ ఒకడు.

ఫోన్ మోగింది. పాస్టర్ పౌలురాజు. ఈ-రిక్షావాడు తనను ఏదో డెయిరీ దగ్గర దింపేశాడని, గల్లీలన్నీ ఒకేలా ఉన్నాయని గోల.

"వెళ్లి తీసుకురామ్మా, పెద్దాయన," అన్నాడు స్టీవ్ ఆరాధనతో.

ఆరాధన చెప్పులేసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "నేను వచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మమ్మీ, సున్‌లియా నా?"

"విన్నానులే, వెళ్లు."

మార్త వంటింట్లోకి వెళ్లింది. జెనీఫర్ వేడెక్కుతున్న పాయసాన్ని కలుపుతోంది. పదిహేడు రోజుల్లో ఆ పిల్ల ముఖం సగమైపోయింది.

"అక్కా, ఆ ఫొటో దొరక్కపోతే ఏమవుద్ది?"

"ఏమవుద్దేంటే? లైసెన్సు పోద్ది. ఆ రిపోర్టు పట్టుకుని పోలీసులొస్తారు."

"దొరికితే?"

"రిమార్కుల్లో మేడమ్ సంతకం బయటపడుద్ది. నువ్వు ఇంటికి వెళ్లకుండా రెండో డ్యూటీ చేస్తున్నావని నేను రాసింది, దానికి ఆవిడ సర్దుకోమంది కనపడుద్ది. మనందరం బతుకుతాం."

జెనీఫర్ చేతిలో గరిటె ఆగింది. "ఆ రాత... అది కూడా ఆ ఫొటోలోనే ఉందా అక్కా?"

"ఒకే పేజీ కదే."

జెనీఫర్ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే హాల్లోంచి స్టీవ్ గొంతు. "జెనీ! మంచినీళ్లు పట్రా." ఆమె గ్లాసు పట్టుకుని వెళ్లింది. భార్యాభర్తలు గుసగుసగా ఏదో మాట్లాడుకున్నారు. మార్తకు ఒక్క ముక్కే వినిపించింది. "నోరు మూసుకో."

మెట్ల మీద అడుగుల చప్పుడు. పౌలురాజు ఆయాసపడుతూ వచ్చి సోఫాలో కూలబడ్డాడు. ఆయన వెనకే వచ్చిన ఆరాధన చూపు ముందు తెర మీద పడింది. తెర నీలంగా ఉంది. నల్ల పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది.

"యే క్యా హై అంకుల్?"

"తెరిచి పెట్టానంతే. ఏమీ నొక్కలేదు."

"తీసేయండి. అభీ!"

"ఉండండమ్మా," అన్నాడు పౌలురాజు బైబిల్ బయటికి తీస్తూ. "ముందు దేవుడికి అప్పగిద్దాం, తర్వాత పోట్లాడుకుందురుగాని. అందరం కళ్లు మూసుకుందాం."

ఆరాధన కదల్లేదు. మార్త కూతురి మోచెయ్యి పట్టి నొక్కింది. అయిదుగురూ తలలు వంచారు.

"కృపగల తండ్రీ, నీ బిడ్డ మార్త ఇంటికి వచ్చిన ఈ కొత్త యంత్రం కోసం నీకు స్తోత్రాలు. దీనిలోని ప్రతి తీగనూ, ప్రతి మరనూ నీ కాపుదలకు అప్పగిస్తున్నాం. నీ బిడ్డ మీద పడిన నిందను..."

పౌలురాజు ప్రార్థన ఎప్పుడూ పొడుగే. మార్త ఆ మాటల వెంట వెళ్తూ వెళ్తూ ఆగింది. ఇరవై రెండేళ్లుగా ఐసీయూలో యంత్రాల శబ్దాల మధ్య బతికిన చెవులవి. తొమ్మిది బెడ్లలో ఏది లయ తప్పినా నిద్రలోనైనా పట్టేస్తాయి. ఇందాకటి నుంచి గదిలో ఫ్యాన్ల హోరు మాత్రమే ఉంది. ఇప్పుడు దాని కింద ఇంకో చప్పుడు మొదలైంది. టిక్ టిక్ కర్ర్. టిక్ టిక్ కర్ర్. పాత లాప్‌టాప్‌లో ఏదైనా దాస్తున్నప్పుడు వచ్చే చప్పుడు.

ప్రార్థన మధ్యలో ఆమె జన్మలో కళ్లు తెరవలేదు. తెరిచింది.

స్టీవ్ కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి మౌస్ మీద ఉంది. తెర మీద అంకె పదకొండు శాతం నుంచి పన్నెండుకు మారుతోంది. అతని పక్కన జెనీఫర్ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

స్టీవ్, మార్త ఒకరినొకరు చూసుకున్నారు. అతని చెయ్యి మౌస్ మీంచి లేవలేదు.

మార్త రెండంగల్లో గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

నీలం లైట్లు ఆరిపోయాయి. చప్పుడు ఆగింది. "...ఆమె శత్రువుల చేతులు బంధించు తండ్రీ," అని పౌలురాజు ఇంకో వాక్యం పూర్తి చేసి, కళ్లు తెరిచాడు.

ఆరాధన అరిచిన అరుపుకు పక్కింటి పంజాబీ ఆవిడ కిటికీ తెరిచింది. "క్యా కర్ దియా ఆప్‌నే! అంకుల్! క్యా కర్ దియా!" నల్ల పెన్‌డ్రైవ్ లాగి గోడకేసి కొట్టింది. ఎర్రది గుచ్చి, మళ్లీ ప్లగ్గు పెట్టి, తల్లి భుజం పట్టుకుని నిలబడింది. ఈసారి లినక్స్ లేచింది. డిస్కును చూపించింది. అంతా ఖాళీ.

"మొత్తం పోయిందా?" అన్నాడు పౌలురాజు.

"పేర్ల పట్టిక చెరిపారు. వెనక సరుకు ఇంకా ఉండొచ్చు. విండోస్ దాని మీద రాసినంత మేర మాత్రం పోయినట్టే." ఆరాధన టైపు చేస్తూనే ఉంది. "వెతికే ప్రోగ్రామ్ ఉంది. రెండు గంటలు పడుతుంది."

స్టీవ్ లేచి తలుపు వైపు నడిచాడు. పౌలురాజు అతనికంటే ముందు ఒక కుర్చీ లాక్కెళ్లి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"కూర్చో బ్రదర్. ప్రార్థన ఇంకా అవ్వలేదు."

రెండు గంటలు ఎవరూ పాయసం ముట్టలేదు. ఎవరూ లైటు వేయలేదు. చివరికి మార్త అడిగింది. "డిస్కులో ఫొటో ఉందని ఆసుపత్రికి ఎవరు చెప్పారు?"

"మీరే అక్కా," అంది జెనీఫర్ నేల చూస్తూ. "శుక్రవారం ఉపవాస కూడికలో లేచి ప్రార్థన అవసరత చెప్పారు. ఫొటో పాత డిస్కులో ఉంది, ఆదివారం తీస్తున్నాం, అడ్డంకులు రాకుండా ప్రార్థించండి అని. నలభై మంది ముందు. ఆ సాయంత్రమే నేను మేడమ్‌కు చెప్పేశాను."

"ఎందుకే?"

జవాబు స్టీవ్ చెప్పాడు. "ఆ పేజీ బయటికొస్తే నీ పెళ్లాం జైలుకు పోద్దంది మేడమ్. రాకపోతే మార్త సీనియర్ కాబట్టి సస్పెన్షన్‌తో సరిపెడతామంది. నన్నేం చేయమంటావక్కా?"

మార్తకు అప్పటికీ అర్థం కాలేదు. ఆరుంబావుకు తెర మీద అర్థమైంది.

వేల ఫొటోలు పేర్లు లేకుండా వచ్చాయి. ఆరాధన పుట్టినరోజు కేకులు, చర్చి పిక్నిక్‌లు, మిగతా రోజుల రిజిస్టర్ పేజీలు. వాటి మధ్యలో ఆ రోజు పేజీ. పై సగం స్పష్టంగా ఉంది. తేదీ, తొమ్మిది బెడ్లు, మందుల వరుస. ఏడో బెడ్, పొటాషియం, ఇచ్చినవాళ్ల సంతకం. 'జె' అక్షరానికి పొడుగాటి తోక. మార్తకు ఆ తోక కళ్లు మూసుకున్నా తెలుసు. రిజిస్టర్లో సంతకం ఎలా పెట్టాలో నేర్పింది తనే.

ఏజెన్సీ పిల్ల కాదు.

ఫొటో కింది సగమంతా బూడిద రంగు. అందులో ఏమీ లేదు.

"ఇంతే వచ్చింది మమ్మీ," అంది ఆరాధన మెల్లగా. "కింది భాగం మీద రాసేశారు."

"రిమార్కుల గడి అక్కడే ఉండాలి," అంది మార్త. తర్వాత స్టీవ్ వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు. "అందులో ఏముందో తెలుసా తమ్ముడూ? నీ పెళ్లాం ఇంటికి వెళ్లకుండా రెండో డ్యూటీ చేస్తోంది, ఇది ప్రమాదమని నేను రాశాను. కింద మేడమ్ సంతకం ఉంది. జెనీఫర్‌ను కాపాడే కాగితం లోకంలో అదొక్కటే. ఆవిడ నీచేత దాన్నే చెరిపించింది."

స్టీవ్ తెరకేసి చూశాడు. కళ్లు ఆ బూడిద రంగులో ఏదో వెతికాయి. తర్వాత రెండు చేతులతో తల పట్టుకుని గోడవారన కూర్చుండిపోయాడు.

"నాకు నా సంతకం ఒక్కటే గుర్తుందక్కా," అంది జెనీఫర్. "ఆ రాత కూడా అందులోనే ఉందని ఇందాక మీరు చెప్పేదాకా తట్టలేదు. చెప్పబోయాను. ధైర్యం చాల్లేదు."

"మేడమ్ సంతకం పెట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను. పెన్ను నాదే తీసుకుంది."

మార్త తెర మీది సగం పేజీని మళ్లీ చూసింది. ఈ సగం చూపిస్తే తను బయటపడుతుంది, పిల్ల మునిగిపోతుంది. చూపించకపోతే చేయని చావు తను మోయాలి.

"నేను చేయనిది నా పేరున రాయించుకోను జెనీ," అంది చివరికి. "అలాగని నిన్నొక్కదాన్నే బలి ఇవ్వను. రేపు పదకొండింటికి రా. పై సగం కాగితం చెప్తుంది. కింది సగం నువ్వు చెప్పు."

"జెనీ రాదు," అన్నాడు స్టీవ్ తలెత్తకుండానే.

సోమవారం పదకొండున్నర. జెనీఫర్ రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్.

విచారణ గది బయట వరండాలో, బెంచీ చివర ఒక సన్నటి ఆడమనిషి కూర్చుని ఉంది. ఏడో బెడ్ మనిషి భార్య. పద్దెనిమిది రోజులుగా ఏ ఆఫీసు తలుపు తెరిచినా ఆమె ఇలాగే బయట కూర్చుని కనిపిస్తోందని వార్డు బాయ్‌లు చెప్పుకుంటున్నారు. ఆమె మార్తను చూసింది.

లోపల ముగ్గురు. కమిటీ పెద్ద, ఒక డాక్టరు, పక్కన సూపరింటెండెంట్ మేడమ్. మూలన కంప్యూటర్ ముందు టైపిస్టు. తెర మీద మార్త పేరుతో రిపోర్టు అప్పటికే సగం సిద్ధంగా ఉంది. మార్త పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఫొటో తెరుచుకుంది.

"అచ్ఛా," అంది సూపరింటెండెంట్. ఆమె ముఖంలో భయం లేదు, తేలిక కనిపించింది. "జెనీఫర్."

"కింద మీ సంతకం ఉండేది మేడమ్. మీరు సర్దుకోమని రాశారు."

"ఎక్కడ సిస్టర్? నాకు గ్రే కలర్ కనిపిస్తోంది."

"జో దిఖ్తా హై, వహీ రికార్డ్ హై," అన్నాడు కమిటీ పెద్ద గడియారం చూసుకుంటూ. కనిపించిందే రికార్డు. టైపిస్టు మార్త పేరు చెరిపి అదే చోట జెనీఫర్ పేరు కొట్టాడు. పది సెకన్ల పని. నర్సు మారింది, మిగతా రిపోర్టులో ఒక్క అక్షరం మారలేదు.

తలుపు తెరుచుకుంది.

జెనీఫర్ యూనిఫామ్‌లో వచ్చింది. ఒంటరిగా వచ్చింది. ఎడమ చెంప కమిలి ఉంది. ఎవరూ కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.

"ఏడో బెడ్‌కు ఇంజెక్షన్ ఇచ్చింది నేనే," అంది హిందీలో, గది అంతా వినపడేలా. "అప్పటికి ఇరవై గంటలుగా డ్యూటీలో ఉన్నాను. ఇలా నడపడం ప్రమాదమని మార్త సిస్టర్ పొద్దున్నే రాసింది. దాని కింద నా పెన్నుతో మేడమ్ సంతకం పెట్టింది. నేను చూశాను. రెండూ రాసుకోండి."

టైపిస్టు మొదటి మాట టైపు చేశాడు. రెండోదానికి వచ్చేసరికి అతని వేళ్లు ఆగాయి. అతను సూపరింటెండెంట్ వైపు చూశాడు.

"తలుపు వేయండి ఎవరైనా," అంది ఆవిడ.

ఎవరూ వేయలేదు. గుమ్మంలో ఆ సన్నటి ఆడమనిషి నిలబడి ఉంది. అంతా విన్నది. జెనీఫర్ వైపు చూసింది. ఆ చూపుకు జెనీఫర్ గోడను పట్టుకుంది. చనిపోయినవాడి భార్య తర్వాత టైపిస్టు వైపు తిరిగింది.

"దూస్‌రీ బాత్ భీ లిఖియే భయ్యా," అంది, రెండో మాట కూడా రాయమని.

మార్త వెళ్లి టైపిస్టు కుర్చీ వెనక నిలబడింది, తెర మొత్తం కనిపించే చోట. అతని వేళ్లు మెల్లగా కదిలాయి. జెనీఫర్ మెడలోంచి ఐడీ కార్డు తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టింది.